చూసి తీరవలసిన మూడు వింతలు

అనగా అనగా, కొండకీ కొండకీ నడుమ బండలదిన్నె అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి జయకేతుడని ఒక రాజు. రాజన్నాక ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా! ఒకడికి వేట పిచ్చి, ఒకడికి పెళ్ళిళ్ళ పిచ్చి. ఈయనకు మాత్రం చాలాకాలం ఏ పిచ్చీ లేదు. జనం వేళకు తిని, వేళకు పడుకుని, సుఖంగా ఉన్నారు. అలాగే ఉండనిస్తే ఏం పోయేది? ఉండనివ్వలేదు.

ఒకసారి ఆయన పొరుగు రాజుగారింట పెళ్ళికి వెళ్ళాడు. భోజనాలయ్యాయి. వచ్చిన రాజులంతా తాంబూలాలు నములుతూ గొప్పలు మొదలుపెట్టారు.

“మా చిత్రనగరిలో మందహాస చిత్రం ఉంది. అందులోని రాణి చిరునవ్వు చూడ్డానికి దేశదేశాల జనం వస్తారు,” అన్నాడు ఒక రాజు.

“మా వాలుకోటలో ఒరిగిన బురుజు ఉంది. పడిపోతుందా అనిపిస్తుంది, పడదు!” అన్నాడు రెండో రాజు.

“అదేం చూశారు! మా గుట్ట ఎక్కితే సాయంత్రం ఇద్దరు సూర్యులు అస్తమిస్తారు,” అన్నాడు మూడో రాజు.

అందరూ జయకేతుడి వైపు తిరిగారు. “మీ బండలదిన్నెలో చూడవలసినదేముంది బావగారూ?”

పాపం, ఆయన ఎంత బుర్ర గోక్కున్నా ఏమీ తట్టలేదు. “మా దగ్గర మజ్జిగ బాగుంటుంది,” అన్నాడు.

పందిరంతా పగలబడి నవ్వింది. మండుటెండలో మంచి మజ్జిగ దొరకడం చిన్న విషయమా, మీరే చెప్పండి! కానీ నవ్వేవాళ్ళకు ఆ మాట ఎవరు చెప్పాలి? జయకేతుడు తల దించుకుని ఇంటికొచ్చి, ముసుగు తన్ని పడుకున్నాడు. లేచాక మంత్రి నరహరిని పిలిచాడు.

“మనమూ ఒక వింత కట్టాలి మంత్రీ. ఆ మూడింటినీ తలదన్నేది!”

“చిత్తం. ఏం కడదాం ప్రభూ?”

“అది తరవాత ఆలోచిద్దాం. పెద్దదిగా ఉండాలి, అంతే. ముందు జాగా ఖాళీ చేయించు.”

విన్నారా! ఏం కట్టాలో తెలియదు. జాగా మాత్రం కావాలి.

బండలదిన్నెలో చదునైన జాగా ఒక్కటే ఉంది. అది పడుగు వీధి. అక్కడుండేది నేతవాళ్ళు. పడుగంటే ఏమిటో తెలుసా? బట్టలో నిలువునా ఉండే దారాలు. ఎండ ముదరకముందే ఆ దారాలను వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఇంటిల్లిపాదీ చెరోవైపు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. దానికి వీధి పొడుగ్గా ఉండాలి, తిన్నగా ఉండాలి, ఎగుడుదిగుడు ఉండకూడదు. వీధి లేకపోతే పడుగు లేదు. పడుగు లేకపోతే మగ్గం ఆడదు. మగ్గం ఆడకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

“మీకు కొండమీద ఇళ్ళు కట్టిస్తాం, దిగులు పడకండి,” అన్నాడు మంత్రి.

“కొండమీద బండలు కాక ఏమున్నాయి స్వామీ? బండల మీద పడుగెలా సాగదీస్తాం?” అన్నారు నేతవాళ్ళు. ఆ ప్రశ్నకు మంత్రి దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. విననట్టు వెళ్ళిపోయాడు.

ఆ వీధిలో చౌడమ్మ అని ఒకావిడ ఉంది. మొగుడు పోయినా, మగ్గం మాత్రం ఒక్కరోజూ ఆపలేదు. మనిషి మంచిదే, నోరు మాత్రం సూదంటే సూదే. ఆవిడ తిన్నగా రాజసభకు వెళ్ళి నిలబడింది.

“మహారాజా, ఎవరో ఏదో కట్టుకున్నారని మా కడుపు కొడతారా? ఇంతకీ ఆ వింతలు నిజంగా వింతలేనా?”

సభంతా గగ్గోలెత్తింది. రాజు కళ్ళెర్రజేశాడు. “వింతలు కాకపోతే అంతమంది ఎందుకు వెళతారు? నేను పెళ్ళైన కొత్తలో రాణీగారితో వాలుకోట వెళ్ళాను. మా అమ్మగారు చిత్రనగరి వెళ్ళారు. మంత్రి గుట్ట ఎక్కి వచ్చాడు. వెళ్ళొచ్చిన వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు బాగాలేదన్నాడా? నువ్వు ఆ వీధి దాటి ఎప్పుడైనా బయటికి వెళ్ళావా?”

నిజమే, ఎవరూ బాగాలేదనలేదు. ఎందుకనలేదో చెబుతాను, వినండి. ఇక్కడే ఉంది అసలు తంటా అంతా.

బండలదిన్నెలో ఒక ఆచారం ఉంది. దూరదేశం వెళ్ళి వచ్చినవాడు గడప తొక్కకముందే ఇంటి పెద్దలు ఎదురెళతారు. వేణ్ణీళ్ళతో వాడి కాళ్ళు కడుగుతారు. ఆ నీళ్ళు అందరూ నెత్తిన చల్లుకుంటారు. పీట వేసి, విసనకర్రతో విసిరి, పాయసం పెట్టి, అప్పుడు చుట్టూ కూర్చుని అడుగుతారు, “ఏం చూశావు? ఎలా ఉంది?” అని.

ఇక ఆ మనిషి ఏం చెబుతాడు? కన్నతండ్రి వంగి కాళ్ళు కడిగాక, అత్తగారు ఆ నీళ్ళు నెత్తిన పోసుకున్నాక, “అక్కడేమీ లేదు, పోయి మోసపోయి వచ్చాను,” అనడానికి నోరెలా వస్తుంది? “ఆహా! చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు!” అంటాడు. అది విన్నవాడు మర్నాడే సద్దిమూట కడతాడు. వాడూ వెళ్ళి, ఏమీ చూడక, కాళ్ళు వాచి వస్తాడు. వాడి కాళ్ళూ కడుగుతారు. “రెండేమిటి, నాలుగున్నా చాలవు!” అంటాడు వాడు. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. దగ్గరికెళ్ళి గరుకు తగిలించుకున్న వాడు కూడా తిరిగొచ్చి నునుపే అంటే, ఇంక ఈ లోకాన్ని ఎవడు బాగుచేస్తాడు?

సరే. రాజుగారికి పంతం వచ్చింది. “చౌడమ్మా, నువ్వే వెళ్ళి ఆ మూడు వింతలూ చూసిరా. చూడదగ్గవి కావని అందరి ముందూ తేలితే నీ వీధి జోలికి రాను. కానీ నీ ఒక్కదాని మాట చెల్లదు. నీ వీధి కోసం నువ్వు ఏమైనా అంటావు. నీతో మా భీమశంకరం వస్తాడు. ఇద్దరిదీ ఒకే మాట కావాలి.”

చౌడమ్మ గుండె అక్కడే సగం జారిపోయింది. భీమశంకరం ఎవరనుకున్నారు? ఆస్థాన వర్ణకుడు. రాజుగారు పెరుగన్నం తింటే “పాలసముద్రం మీద వెన్నెల కురిసినట్టుంది,” అనడం ఆయన ఉద్యోగం. రాజుగారు తుమ్మితే “మేఘం గర్జించింది,” అంటాడు. పుట్టి బుద్ధెరిగి దేన్నీ బాగాలేదని అనని మనిషి. ఆయన వచ్చి, నేతావిడ పక్కన నిలబడి, బాగాలేదని చెప్పాలట!

అయినా చౌడమ్మ జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ మూటగట్టుకుని బయలుదేరింది. పడుగు వీధి వీధంతా వచ్చి సాగనంపింది.

రాజుగారిచ్చిన బండి సరిహద్దు దాకా వచ్చి ఇరుసు విరిగి కూలబడింది. అక్కణ్ణించి నడకే. భీమశంకరం బొద్దుగా ఉంటాడు, మోకాళ్ళ నొప్పులు కూడానూ. మొదటి మైలు అడవిని వర్ణించాడు. రెండో మైలు ఆకాశాన్ని వర్ణించాడు. ఆ తరవాత వర్ణనలు ఆగిపోయి మూలుగులు మొదలయ్యాయి.

ముందు చిత్రనగరి చేరారు.

ఊళ్ళో అడుగుపెట్టగానే ఎక్కడ చూసినా ఆ బొమ్మే. విసనకర్రల మీద బొమ్మ, కుండల మీద బొమ్మ, బెల్లం అచ్చుల మీద కూడా బొమ్మే. అసలు బొమ్మ దగ్గరికి వెళ్ళే వరస ఎక్కడుందని అడిగితే, “ఇదే,” అన్నాడొకడు. ఊరి బయట నుంచి వాళ్ళు నడిచొచ్చిన వీధంతా వరసేనట! మళ్ళీ వెనక్కి వెళ్ళి చివర నిలబడ్డారు. ఎండ నడినెత్తికొచ్చింది, దిగింది. ఎట్టకేలకు ఒక చీకటి గదిలోకి తోశారు.

బొమ్మ అరచేయంత ఉంది. అది కూడా గది ఆ కొసన. ఈ కొసన తాడు కట్టారు. తాడుకూ వీళ్ళకూ మధ్య జనం.

“జరగండి! జరగండి!” అని భటులు వెనక నుంచి తోస్తున్నారు.

“జరగడానికి చోటుంటే జరగమా! మేం చూడొద్దా?” అని అరిచింది చౌడమ్మ.

“చూసేశారుగా, జరగండి!”

భీమశంకరం మోకాళ్ళ నొప్పులతోనే ఒక్క గెంతు గెంతాడు. చట్రం మూల ఒకటి కనిపించిందట. రెండో గెంతు గెంతబోయే లోపు ఇద్దరూ అవతలి వాకిట్లో పడ్డారు. ఆయన దుమ్ము దులుపుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. “ఆహా, ఏమా మందహాసం! మల్లెమొగ్గ విచ్చీ విచ్చనట్టు...”

“నవ్విందా పంతులుగారూ?” అంది చౌడమ్మ.

“నవ్వే ఉంటుంది.”

“మీరు చూశారా?”

“చూసినట్టే.”

చౌడమ్మకు ఒళ్ళు మండిపోయింది. పక్కనే బొమ్మల విసనకర్రలు అమ్మే ముసలాయన్ని అడిగింది, “తాతా, నువ్వైనా ఆ నవ్వు చూశావా?” అని.

“నేనెక్కడ చూస్తానమ్మా? పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆ వరసలో నిలబడే తీరికుండాలి కదా!” అన్నాడాయన.

తరవాత వాలుకోట. దారిలో వాన. చెప్పులు తెగాయి. ఎలాగో చేరారు. బురుజు ఒరిగే ఉంది, అబద్ధమెందుకు. కొంచెం ఒరిగింది. కానీ చౌడమ్మ నోరు తెరుచుకుని చూసింది బురుజును కాదు, దాని ముందున్న జనాన్ని. మైదానం నిండా మనుషులు. అందరూ ఒంటికాలి మీద వాలి, రెండు చేతులూ గాల్లోకెత్తి, ఏమీ లేని చోట ఏదో తోస్తూ నిలబడి ఉన్నారు. ముసలివాళ్ళు, పిల్లలు, కొత్త పెళ్ళికూతుళ్ళు, అందరూ అంతే!

“వీళ్ళకేమొచ్చింది పంతులుగారూ? ఊరంతటికీ ఒకేసారి గాలి సోకిందా?”

సంగతేమిటంటే, వాళ్ళెదురుగా బొగ్గుముక్కలు పట్టుకుని బొమ్మలు గీసేవాళ్ళు కూర్చున్నారు. సరైన చోట సరిగ్గా చేతులెత్తి నిలబడితే, బురుజును ఆ మనిషే పడిపోకుండా పట్టుకున్నట్టు గీసిస్తారు. దానికోసం వచ్చారు ఇంతమందీ! బురుజు వైపు కన్నెత్తి చూసినవాడు ఒక్కడూ లేడు. చూడాలన్నా వీలేది? అందరూ దానికి వీపు పెట్టి నిలబడ్డారాయె.

భీమశంకరం ఊరుకుంటాడా? తనూ వెళ్ళి చేతులెత్తాడు. “కొంచెం ఎడమకి... ఇంకొంచెం... ఆ చెయ్యి పైకి... కదలకండి!” అంటూనే ఉన్నాడు గీసేవాడు. భుజాలు పట్టేశాయి. చివరికి చేతికిచ్చిన బొమ్మలో ఆయన బురుజును కాదు, వెనక కట్టేసి ఉన్న ఎవరిదో గేదెను ఎత్తి పట్టుకున్నాడు.

చౌడమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక నెత్తి కొట్టుకుంది. “మా ఇంటి వెనక గోడ ఇంతకంటే ఎక్కువే ఒరిగింది. దానికి మా ఆయన్ని తిట్టాను గానీ, పదిమందినీ పిలిచి చూపించలేదు!”

ఇక మూడోది, జంట సూర్యుల గుట్ట. ఆ గుట్ట ఎక్కేసరికి తలప్రాణం తోకకొచ్చింది. భీమశంకరం అరికాళ్ళు బొబ్బలెక్కాయి. దారిపొడుగునా సత్రాలే. సత్రం పక్కన సత్రం, సత్రం మీద సత్రం. పైకి చేరేసరికి పొద్దు వాలుతోంది. జనం గుంపులు గుంపులుగా సూర్యుడికి వీపు పెట్టి కూర్చుని ఇక్కడా బొమ్మలు గీయించుకుంటున్నారు.

సూర్యుడు దిగాడు. ఒక్కడే దిగాడు.

“రెండోవాడేడీ?” అన్నాడు భీమశంకరం ఏడుపు గొంతుతో. “ఇంకాసేపట్లో వస్తాడేమో!”

పక్కన మూటలు దించుతున్న ఒకావిడ ఆ మాట విని చిన్నగా నవ్వింది. “రెండోవాడు చెరువులో కనపడేవాడు స్వామీ. ఈ గుట్ట కింద పెద్ద చెరువుండేది. పైన ఒక సూర్యుడు, నీళ్ళలో ఒక సూర్యుడు. చూడ్డానికి జనం రావడం మొదలెట్టారు. వచ్చినవాళ్ళు ఉండటానికి చోటు కావాలి కదా? చెరువు పూడ్చి ఈ సత్రాలు కట్టారు.”

“మరి మీరు?” అంది చౌడమ్మ.

“మేం ఆ చెరువులో చేపలు పట్టుకుని బతికేవాళ్ళం. ఇప్పుడు వీళ్ళ మూటలు గుట్టెక్కిస్తున్నాం. నా మొగుడికి నడుము పడిపోయింది. అందుకని నేనొచ్చాను,” అంది ఆవిడ. మళ్ళీ మూట నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది.

అంతదాకా ఆగకుండా తిట్టిన చౌడమ్మకు అక్కడ తిట్టు కూడా రాలేదు. పడుగు వీధి కళ్ళముందు మెదిలింది. తన తోడికోడలు, తన పక్కింటి పెద్దాయన, అందరూ ఎవరెవరివో మూటలు మోస్తూ కనిపించారు. గుట్ట దిగుతూ మెల్లగా అడిగింది. “పంతులుగారూ, ఊరెళ్ళాక ఏం చెబుతారు?”

“ఏముంది, రెండు కళ్ళూ చాలవంటాను.”

“ఇంత చూశాకా?”

“చూడు చౌడమ్మా, మీ వీధి సంగతి తలుచుకుంటే నాకూ బాధగానే ఉంది. కానీ నా ఉద్యోగమే పొగడటం. ఇంత దూరం పడుతూ లేస్తూ పోయి, అక్కడేమీ లేదని చెబితే వీధికుక్క కూడా నన్ను చూసి నవ్వుతుంది. నా పరువేం కావాలి?”

“మీ పరువు కోసం మా పొయ్యిలార్పుతారా?”

ఆయన కుంటుకుంటూ ముందుకు నడిచాడు. తిరుగుదారంతా చౌడమ్మ బతిమాలింది, తిట్టింది, చేతులు జోడించింది. గోడకు చెప్పినట్టే అయింది. ఇంక వీధి దక్కదని ఆవిడకు అర్థమైపోయింది. కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ నడిచింది.

బండలదిన్నె సరిహద్దులో ఒక పాక దగ్గర, మజ్జిగ చిలుకుతున్న ఇల్లాలు వీళ్ళను చూసి యథాలాపంగా అడిగింది. “ఎక్కణ్ణించండీ రావడం?”

“అడక్కు తల్లీ, అడక్కు!” అన్నాడు భీమశంకరం తన బొబ్బల కాళ్ళు పట్టుకుని. “ఆ జంట సూర్యుల గుట్ట మీద గాడిదగుడ్డు కూడా లేదు. నా ఖర్మ కాలి పోయాను!”

ఇంతలో ఇంట్లోంచి ఆవిడ మామగారు వచ్చి ఆయన్ని పోల్చుకున్నాడు. “అయ్యో, ఆస్థాన వర్ణకులవారు!” అని పరుగున చాప పరిచి, మజ్జిగ చేతికిచ్చి, కోడలి చేత దండం పెట్టించి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “స్వామీ, ఎలా ఉన్నాయి ఆ వింతలు?”

భీమశంకరం మూతి తుడుచుకుని, నడుము నిటారుగా పెట్టి, గొంతు సవరించుకున్నాడు. “ఆహా! ఏమని చెప్పను! చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు!”

ఆ కోడలు మజ్జిగ కవ్వం పట్టుకుని తెల్లబోయి చూసింది. చౌడమ్మ మాత్రం కాసేపు ఆయన్నీ, పరిచిన చాపనీ, ఖాళీ అయిన లోటానీ మార్చి మార్చి చూసింది. “ఓహో, అదా సంగతి!” అనుకుంది. అక్కణ్ణించి ఊరు చేరేదాకా ఆవిడ ఆయన్ని ఒక్క మాట కూడా బతిమాలలేదు.

కోట వాకిట్లో ఊరంతా కాచుకుని ఉంది. పడుగు వీధివాళ్ళు ఒక పక్కగా, ముఖాలు వేలాడేసుకుని నిలబడ్డారు. రాజుగారే స్వయంగా ఇత్తడి పళ్ళెమూ, వేణ్ణీళ్ళ బిందే పెట్టుకుని, పట్టుబట్ట నడుముకు చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. రాజమాత లోకాంబ పసుపు కలిపింది. లోపల పాయసం ఘుమఘుమలాడుతోంది.

రాజుగారు వంగి చెంబు ముంచబోయాడు. చౌడమ్మ భీమశంకరానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

“ఆగండి మహారాజా! నీళ్ళు పోయకండి. ముందు అడగండి.”

ఊరంతా గోలపెట్టింది. “ఇదెక్కడి అనాచారం! కాళ్ళు కడగకుండా అడగటమా?”

“కడిగాక ఎన్ని వందలమందిని అడిగారో! ఒక్కణ్ణి కడక్కుండా అడిగితే మీ సొమ్మేం పోయింది?” అంది చౌడమ్మ. “ఈ దుమ్ముతోనే, ఈ బొబ్బలతోనే, ఈ ఎండలోనే అడగండి. మా వీధి పోతే పోయింది. ఇదొక్కటి చెయ్యండి.”

రాజుగారు తల్లి వైపు చూశాడు. రాజమాత ఏమనుకుందో ఏమో, “అడుగు నాయనా,” అంది.

“సరే. భీమశంకరం, ఆ వింతలు ఎలా ఉన్నాయి?”

“ఆహా!” అన్నాడు భీమశంకరం. గొంతు ఎండిపోయి ఉంది. “ప్రభూ, కాసిని నీళ్ళు...”

“ముందు చెప్పు.”

“ఆ మందహాసం... మల్లెమొగ్గ...” కాలిలో బొబ్బ సలిపింది. కాలు మార్చాడు. రెండో కాలు ఇంకా మండింది. “ఆ బురుజు... ఆ బురుజు...” బిందెలో వేణ్ణీళ్ళు పొగలు కక్కుతున్నాయి. పాయసం వాసన వస్తోంది. ఎండ మాడు పగలగొడుతోంది.

“చెప్పవయ్యా! ఎలా ఉంది?” అని రాజుగారు మూడోసారి గద్దించాడు.

అంతే. ఆయన ఓర్పు నశించింది.

“ఏముంది మహారాజా అక్కడ! నా తలకాయ ఉంది!” అని భీమశంకరం నేలమీద చతికిలబడ్డాడు. “చిత్రనగరిలో ఒక బట్టతల చూశాను, రెండు తలపాగాలు చూశాను. నవ్వు చూళ్ళేదు. వాలుకోటలో పొద్దంతా గాలిని పట్టుకుని నిలబడ్డాను, భుజాలు ఇప్పటికీ దిగలేదు. ఆ గుట్ట మీద ఒక్కడే సూర్యుడు. వాడూ రోజూ మన పెరట్లో దిగేవాడే! రెండోవాడు ఉండే చెరువును పూడ్చి, వాణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్ళకు సత్రాలు కట్టారు, వాళ్ళ మొహాలు మండా! కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, ఇక్కడ ఎలుక కూడా లేదు! ఇప్పుడైనా నా కాళ్ళమీద నీళ్ళు పోయించండి బాబూ!”

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

మంత్రి నరహరి మెల్లగా ముందుకొచ్చాడు. “నిజమే ప్రభూ. నాకూ ఒక్కడే కనిపించాడు. నా కళ్ళు మసకలేమో అనుకుని ఊరుకున్నాను.”

“మరి పొగిడావు కదా!”

“అందరూ పొగిడారు కదా ప్రభూ!”

వెనక నుంచి ఒక వర్తకుడు, “నాకు చిత్రనగరిలో ఎవరిదో వీపు కనిపించింది,” అన్నాడు. “నాకు ఆ వీపు కూడా లేదు!” అన్నాడు ఇంకొకడు. ఇక చూడండి, ఒకరి తరవాత ఒకరు, ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న తిట్లన్నీ వాకిట్లో కుమ్మరించారు. అందరికంటే చివర రాజమాత లోకాంబ నోరు విప్పింది.

“నేనూ ఏమీ చూళ్ళేదురా. ఆ తోపులాటలో కిందపడితే ఎవరో చెయ్యి పట్టి లేపారు.”

“మరి నాతో ఎందుకమ్మా అలా చెప్పావు?” అన్నాడు జయకేతుడు.

“నువ్వు కాళ్ళు కడిగావు కదరా నాయనా! రాజువైయుండి, వంగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నావు. అంత చేశాక, ఒట్టి చేతులతో వచ్చానని ఎలా చెప్పను?” అంది ముసలావిడ. ఆవిడ పసుపు గిన్నె కింద పెట్టింది. “నా మాట నమ్మి ఈ ఊళ్ళో ముసలివాళ్ళెంతమంది వెళ్ళారో! మా దాది గోవిందమ్మ కూడా వెళ్ళింది. ఆ ఎండకు తట్టుకోలేక, వచ్చిన దగ్గర్నించీ మంచం దిగలేదు. దాని ముఖం చూడలేక దాని ఇంటివైపే పోవడం మానేశాను.”

రాజుగారి చేతిలో చెంబు అలాగే ఉంది.

“మరి మీరు ప్రభూ? వాలుకోట?” అంది చౌడమ్మ. ఆ నోరు ఊరుకుంటుందా!

రాజుగారు నీళ్ళు నమిలాడు. పక్కనున్న రాణీగారు ఆయన తరఫున జవాబు చెప్పేసింది. “పొద్దున్నించీ సాయంత్రం దాకా చేతులెత్తుకునే నిలబడ్డారమ్మా. పక్కన నేనున్నానన్న ధ్యాస కూడా లేదు!”

ఊరంతా నవ్వింది. రాజుగారూ నవ్వాడు, ఏం చేస్తాడు మరి! నవ్వి, వంగి, ముందు చౌడమ్మ కాళ్ళు, తరవాత భీమశంకరం కాళ్ళు కడిగాడు. “పడుగు వీధి జోలికి ఎవరూ వెళ్ళొద్దు,” అని నలుగురూ వినేలా చెప్పాడు. నేతవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. రాజమాత పాయసం గిన్నె పట్టుకుని గోవిందమ్మ ఇంటికి వెళ్ళింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మనుషుల సంగతి మీకు తెలుసు కదా, ఒక్కసారి చెబితే బుద్ధి వస్తుందా?

మర్నాడు ఉదయం రాజుగారు నడుచుకుంటూ పడుగు వీధికి వచ్చాడు. ఆయన అదివరకెప్పుడూ ఆ వేళప్పుడు అటు రాలేదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్రటి పడుగు సాగి ఉంది. రెండువైపులా ఆడా మగా కుంచెలు పట్టుకుని, ఒక్క అడుగు తేడా లేకుండా వెనక్కీ ముందుకూ నడుస్తున్నారు. తడి దారాల మీద లేత ఎండ పడి వీధంతా మెరుస్తోంది. రాజుగారు నిలబడిపోయాడు.

“అబ్బ! చౌడమ్మా, ఇదిక్కడ పెట్టుకుని నేను మజ్జిగ అన్నానే! ఆ రాజులందరికీ ఇవాళే కబురు పంపుతాను. దేశదేశాల జనాన్ని రప్పిస్తాను. ఇక్కడ ఒక అరుగు కట్టిస్తాను, అక్కడ సత్రాలు...”

చౌడమ్మ కుంచె పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించింది.

“మహారాజా, మీకు దండం పెడతాను. ఇది వింత కాదు, మా పని. బాగుంటే మీరు చూడండి, కాసేపు నిలబడండి, వెళ్ళండి. ఎవరికీ చెప్పకండి. ముందు ఆ కాలు తియ్యండి, దారం తొక్కుతున్నారు!”

రాజుగారు ఉలిక్కిపడి కాలు తీశాడు. నోరు మూసుకుని, గోడవారగా నిలబడి, పని అయ్యేదాకా చూశాడు. తరవాత ఇంటికి వెళ్ళి భోంచేశాడు. ఏం చూశారని రాణీగారు అడిగితే, “పొద్దున్నే నేతవాళ్ళు పని చేసుకుంటుంటే చూశాను, బాగుంది,” అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క కలపలేదు.

కాబట్టి పిల్లలూ, తాను మోసపోయానని చెప్పుకోవడానికి సిగ్గుపడినవాడు, తన వెనక వచ్చేవాళ్ళందరినీ తానే మోసం చేసినవాడవుతాడు.